పగడాన్ని ఒళ్లో పెట్టుకుని విమానం ఎక్కవచ్చా?

అమెరికాలో సముద్రపు అక్వేరియం పెంచేవాళ్లు కొందరు బతికున్న పగడపు ముక్కల్ని (నగల్లో పొదిగే రాయి కాదు, సముద్రంలో పెరిగే ప్రాణి), చేపల్ని క్యాబిన్ బ్యాగులో పెట్టుకుని ఊరి నుంచి ఊరికి విమానంలో తీసుకెళ్తుంటారు. అక్కడి విమానాశ్రయ తనిఖీ సంస్థ టీఎస్ఏ దీనికి ఒప్పుకుంటుంది. అయితే అవి లోపలున్నది పైకి కనిపించే డబ్బాలో, నీళ్లలో ఉండాలి, అధికారి చూడాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు. ఆ పైన ఎక్కనివ్వడం, ఎక్కనివ్వకపోవడం ఎయిర్‌లైన్ ఇష్టం. ఈ పద్ధతిని సమర్థించే తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్క విశాఖలో సముద్ర జీవశాస్త్రం పాఠాలు చెబుతుంది. వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాస్తున్నాను. నా మొగ్గు ఎటో దాచుకోను.

తమ్ముడు: అక్కా, ముందు ఆ ప్రాణి వైపు నుంచి ఆలోచించు. కార్గోలో వేస్తే డబ్బాని గంటల ముందే అప్పజెప్పాలి. గోదాములో ఎండలో పెట్టారో, చలిలో వదిలేశారో నాకేం తెలుస్తుంది? పగడానికి ఇరవై నాలుగు, ఇరవై ఏడు డిగ్రీల మధ్య ఉంటేనే సుఖం. నా చేతిలో ఉంటే, ట్యాంకులోంచి తీసినప్పటి నుంచి మళ్లీ ట్యాంకులో పెట్టేదాకా దాన్ని చూసుకునేది ఒక్కడే మనిషి.

అక్క: ఎలా సర్దుతావో చెప్పు.

తమ్ముడు: చేపకి ఒకటి రెండు రోజుల ముందే మేత ఆపేస్తా. కడుపు ఖాళీగా ఉంటే కవర్లో నీళ్లు త్వరగా పాడవవు. కవర్లో కవరు పెట్టి, చేప ఇరుక్కోకుండా అడుగు మూలలు రెండూ మడిచి కడతా. మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. పగడపు ముక్కైతే చిన్న బిళ్లకి అతికించి ఉంటుంది కాబట్టి డబ్బాలో ఆ బిళ్ల కదలకుండా చూస్తే చాలు. అన్నీ థర్మాకోల్ పెట్టెలోకి వెళ్తాయి.

అక్క: సర్దడంలో తప్పు పట్టను. దిగాక జరిగేదే నా భయం. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల కవర్లో నీళ్ల పీహెచ్ తగ్గుతుంది, అంటే నీళ్లలో ఆమ్లగుణం పెరుగుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు చేప విసర్జించే అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపకి అంత హాని చేయదు. ఫ్లైట్ ఆలస్యమై పది గంటల తర్వాత కవరు విప్పావనుకో. గ్యాస్ బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అప్పటిదాకా పేరుకున్నదంతా విషంగా మారుతుంది. చాలామంది సరిగ్గా అప్పుడే కొత్త నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ గంటసేపు కూర్చుంటారు. జాగ్రత్త పడుతున్నామనుకుంటారు గానీ ఆ గంటలోనే మొప్పలు దెబ్బతింటాయి. మూడో రోజు చేప చచ్చిపోతే కొత్త చోటు పడలేదంటారు.

తమ్ముడు: అందుకే నేను కవరు విప్పకుండానే ట్యాంకులో తేలనిచ్చి వేడి సమానం చేస్తా. అదే ఉప్పదనం ఉన్న నీళ్లు వేరే తొట్టిలో సిద్ధంగా పెట్టుకుని, విప్పిన వెంటనే చేపని అందులోకి మార్చేస్తా.

అక్క: నువ్వు చేస్తావురా. నిన్ను చూసి ఇంకొకడు కవరు పట్టుకుని బయలుదేరతాడు చూడు, వాడి చేపకి దిక్కెవరు? కార్గోలో ఎన్ని లోపాలున్నా, బతికున్న జంతువుల రవాణాకి ఐయాటా (విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం) నియమాల పుస్తకం ఉంది. పెట్టె ఎలా ఉండాలో, దాని మీద ఏం రాయాలో అందులో ఉంటుంది. పక్క సీటువాళ్ల సంగతీ చూడు. పగడాలకి చుట్టాలైన జోయాంథిడ్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ ఉంటుంది. అది మనుషుల్ని ఆస్పత్రి పాలు చేసే విషం. ఆ నీళ్లు ఒలికితే?

తమ్ముడు: అవి తీసుకెళ్లను. ఆ మాట ఒప్పుకుంటా. కానీ ప్రయాణికుల విమానంలో ఇవేంటని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. అక్వేరియం చేపలు ఎన్నో ఏళ్లుగా మన సీట్ల కింద, విమానం పొట్టలో కార్గోగా వస్తూనే ఉన్నాయి. 2020లో ప్రయాణికుల విమానాలు ఆగిపోతే ఈ వ్యాపారం కూడా కుదేలైంది. పైగా, వెంట తీసుకెళ్లే వీలే లేకుండా చేస్తే ఊరు మారేవాడు చేపని ఏం చేస్తాడు? అట్లాంటిక్‌లో లయన్‌ఫిష్ సంగతి నీకు తెలియనిదా? అక్వేరియంల నుంచి వదిలేసినవే అక్కడ పెరిగి, ఫ్లోరిడా నుంచి కరీబియన్ దాకా పాకి, స్థానిక చేపల్ని తినేస్తున్నాయి.

(ఈ వాదన నాకు గట్టిదనిపించింది. దారి మూసేస్తే ప్రాణి మాయమైపోదు, ఇంకెక్కడో తేలుతుంది.)

అక్క: సరే, దారి ఉండనీ. ఆ దారిలో వెళ్లేది ఎక్కడిది? నీ పగడం ఎక్కడిదో చెప్పగలవా?

తమ్ముడు: స్నేహితుడి ట్యాంకులో పెరిగినదాన్ని కోసిన ముక్క. కోసిన చోట మానిపోతుంది, ముక్క బిళ్లకి అతుక్కుని పెరుగుతుంది. ఇలా ఒకరికొకరు ఇచ్చుకుంటే సముద్రంలోంచి తీయాల్సిన పని తగ్గుతుంది. అసలు ట్యాంకే పగడాన్ని కాపాడిన సందర్భం కూడా ఉంది. 2014లో మయామీ దగ్గర రాతి పగడాలకి (రాయిలాంటి గట్టి గూడు కట్టుకునే రకం) కణజాలం ఊడిపోయే జబ్బు మొదలై ఫ్లోరిడా తీరమంతా వ్యాపించింది. అప్పుడు జబ్బు సోకని పగడాల్ని తీసి దేశమంతటా ఉన్న అక్వేరియంలకి తరలించారు.

అక్క: ఏది ఎక్కడ తీశారో రాసి పెట్టుకుని తరలించారు. నేనడిగేది అలాంటి కాగితమే. రాతి పగడాలన్నీ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశం దాటాలంటే పర్మిట్ కావాలి. సొంత సామాను అనే మినహాయింపు బతికున్నవాటికి లేదు. దేశం లోపల మాత్రం డల్లాస్ నుంచి కాలిఫోర్నియాకి వెళ్లే ముక్క పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు. ఇండోనేషియా 2018లో పగడాల ఎగుమతి ఆపేసి, 2020లో మళ్లీ తెరిచింది. ఆ మధ్యలో తీసినదో, ముందే తీసినదో నీ డబ్బా చూసి ఎవరు చెప్పగలరు?

తమ్ముడు: మరి హైదరాబాద్‌లో ఒకాయన నాలుగు ముక్కలు తెచ్చిపెట్టమంటున్నాడు.

అక్క: ఆ ఆలోచనే పెట్టుకోకు. సముద్రంలో దిబ్బలు కట్టే రాతి పగడాల్ని మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. నాలుగు ముక్కలే కదా అంటే శంషాబాద్‌లో వినేవాళ్లుండరు, వినకూడదు కూడా. మన్నార్ సింధుశాఖలో ఏళ్ల తరబడి సున్నం కోసం పగడాన్ని తవ్వి తీశాకే మనకి ఆ చట్టం అవసరమని తెలిసింది.

తమ్ముడు: సరే, ఇండియా మాట వదిలేశా. అమెరికాలో తిరిగే పగడాలకైనా ఒప్పుకుంటావా?

అక్క: నీ స్నేహితుడు తన ట్యాంకులో పెంచానని రాసిస్తే ఒప్పుకుంటా. చేపల్లోనూ క్లౌన్‌ఫిష్‌తో పేచీ లేదు, దాన్ని తొట్టెల్లో పుట్టించడం ఎప్పటి నుంచో ఉంది. మిగతా సముద్రపు అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిబ్బల మీద పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో సైనైడ్ నీళ్లు చిమ్మి, మత్తెక్కిన చేపని పట్టేవాళ్లు. ఆ విషానికి పక్కనున్న పగడమూ చచ్చేది. ఇంతకీ ఈసారి ఏ చేపని తీసుకెళ్తున్నావు?

తమ్ముడు: ఎల్లో టాంగ్. ఇప్పుడు దాన్ని కూడా తొట్టెలో పుట్టిస్తున్నారక్కా. హవాయిలో 2015లోనే సాధించారు.

అక్క: సాధించారు, నిజమే. నీ దగ్గరున్నది అలా పుట్టిందేనా?

తమ్ముడు: షాపువాడు చెప్పలేదు.

అక్క: ముందు వాణ్ని అడిగి కనుక్కో. టికెట్ సంగతి ఆ తర్వాత.

తమ్ముడు: కనుక్కుంటా. పగడాలు మాత్రం శుక్రవారం నాతోపాటే వస్తాయి.

అక్క: వాటిని తీసుకెళ్లు. ఆ కాగితం కూడా డబ్బాలోనే పెట్టు.