రెండు నల్లగనే ఉన్నయ్ గద సార్!

ఇప్పుడే టైర్ల దుకాణం కాడికెళ్లి వస్తున్న. కోపానికి చేతులు ఇంక వణుకుతనే ఉన్నయ్. అచ్చుతప్పులుంటె సర్దుకొని సదువుకోండ్రి.

నా కారు బీఎండబ్ల్యూ జెడ్4. దాని ఎనుక టైర్లు రెండు అరిగిపోయినయ్. గీతల నడుమ చిన్న దిమ్మె ఉంటది సూడుండ్రి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. రబ్బరు అరిగి దానికి సమానమైందంటె టైరు పని అయిపోయినట్టే. నావి సమానమై నెల దాటింది. ఇంజను బలమంత ఎనుక చక్రాల మీద పడే బండి, ఎనుకవే ముందుగాల అరుగుతయ్, అందుల వింతేం లేదు. పది రోజుల కింద పోయి, ముందట ఉన్న టైరు ఫోటో సూపెట్టి, అదే కంపెనీ, అదే మోడల్, ఎనుక సైజుల రెండు కావాలె అని చెప్పి 5 వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చిన. చీటీ మీద నా చేతులతోనే సైజు, బరువు-వేగం గుర్తులు రాసిచ్చిన: 255/35 ఆర్18, 90 డబ్ల్యూ.

ఇయ్యాల పొద్దుగాల ఫోన్. "సార్, మీ మాల్ వచ్చింది." ఉర్కిన. రెండు టైర్లు గోడకు ఆనిచ్చి పెట్టిండు. ఒకటి నేను చెప్పిందే. ఇంకోటి వేరే కంపెనీది. అది గుడ రన్‌ఫ్లాట్.

"గిదేందన్నా?"

"రెండు దొరకలే సార్. గిది ఇంక మంచిది, గాలి పోయినా ఉర్కుతది."

"రెండు రెండు తీర్లున్నయ్ గద!"

"రెండు నల్లగనే ఉన్నయ్ గద సార్."

గీ మాట నా సమాధి మీద రాపియ్యుండ్రి.

రన్‌ఫ్లాట్ అంటె పక్కగోడ మందంగ ఉంటది, గాలి లేకున్నా బండి బరువు మోసేటట్టు. గాలి పోయినంక 80 వేగం దాటకుండ 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు అంటరు. మంచిదే, కాదంటలే. నా జెడ్4కు కంపెనీ ఇచ్చినయి గవే. స్టెప్నీ లేని కారు, అందుకే ఇచ్చిండ్రు. గని మన గుంతలల్ల పోతె నడుములు ఇరిగి, నేనే ఏరి కోరి మామూలు టైర్లకు మారిన. ఇప్పుడు ఎనుక ఒకపక్క మెత్తటిది, ఇంకోపక్క బండరాయి. ఒక కాలికి స్పోర్ట్స్ బూటు, ఇంకో కాలికి గంబూటు తొడిగి ఉర్కమన్నట్టు. వాన పడ్డప్పుడు ఒకటి నీళ్లను ఒక తీరుగ కోస్తది, ఇంకోటి ఇంకో తీరుగ. నార్కట్‌పల్లి కాడ అద్దంకి దిక్కు మలిగేటప్పుడు కొంచెం గట్టిగ తొక్కినమంటె, మూతి హైదరాబాద్ దిక్కు తిరిగి ఉంటది. పోయింది మిర్యాలగూడకు!

అది సాలదన్నట్టు, ఆ రన్‌ఫ్లాట్ మీద తారీఖు సూసిన. టైరు పక్కన నాలుగు అంకెలుంటయ్, మొదటి రెండు వారం, ఎనుక రెండు సంవత్సరం. 2821 అని ఉన్నది. అంటె 2021ల 28వ వారం. అప్పటికి నా బిడ్డ పుట్టనే లేదు, ఇప్పుడు బడికి పోతున్నది. "కొత్తదే సార్, కవర్ గుడ తియ్యలే" అంటడు. మా అమ్మ పెండ్లి చీర గుడ కవర్లనే ఉన్నది, కొత్తదా అది?

నేను గరమైతున్నట్టు కనవడ్డదేమో, పనిపిల్లగాడు నడుమల వచ్చి "అన్నా, ముందటివి ఎనుకకు, ఎనుకవి ముందటికి ఏద్దామా, రొటేషన్ అయితది" అన్నడు. నాయినా, ముందట 225/40, ఎనుక 255/35. మొదటి అంకె మిల్లీమీటర్లల వెడల్పు, అంటె ఎనుక టైరు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. రొటేషన్ ఎట్లయితది, టైరును గుంజి సాగదీస్తవా? మా నాయిన గీ ముచ్చటిని "మన ట్రాక్టర్ పెద్ద టైరు ముందట ఏస్తడంటనా?" అని నవ్విండు. దమ్ము చేసేటప్పుడు పట్టు కోసం ట్రాక్టర్ ఎనుక టైర్లల్ల నీళ్లు నింపే మనిషి ఆయన. ఏ టైరు ఏం పని చేస్తదో ఆయనకు తెలుసు, నలభై ఏండ్ల అనుభవం అని బోర్డు రాస్కున్నోనికి తెల్వదు.

ఇగ నైట్రోజన్ సంగతి. "నైట్రోజన్ కొట్టిపిచ్చుకోండ్రి సార్, ఎండలకు మంచిది." మనం పీల్చే గాలిల నూటికి 78 వంతులు నైట్రోజనే. ఆ మిగిలిన దానికి టైరుకు ఇంత అని పైసలు గుంజుతరు. సరే, అది ఇంకో పోస్టు.

మా నాయిన మాటే మళ్ల. మాకు బత్తాయి తోట ఉన్నది. లోడుల నాలుగు చిన్న కాయలు కలిసినయంటె వ్యాపారి చెయ్యి పెట్టి తిప్పి తిప్పి సూసి తరుగు తీస్తడు, కలిపినవు గద అని. మేం కలిపితె తరుగు, వాళ్లు కలిపితె "నల్లగనే ఉన్నయ్". పూరా రేటు కట్టాలె గుడ!

అసలు గీ దుకాణం సెప్పింది ఎవలనుకున్నరు? మా బావ. "మనోడే, సక్కగ చేస్తడు" అన్నడు. మా బావకు టైర్ల గురించి మాట్లాడే హక్కు ఎట్లొచ్చిందో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. రెండేండ్ల కింద ఇదే కారు తీస్కొని యాదగిరిగుట్టకు పోయిండు. రెండు సీట్ల కారుల ముగ్గురు. స్పీడ్ బ్రేకర్‌ను సూడలే. సూడలేదంటె, సూసిండు గని అది తనకోసం కాదనుకున్నడు. బండి తెచ్చి ఇంటి ముందట పెట్టి, తాళం గూట్ల ఏసి, చాయ్ గుడ తాగకుంట పోయిండు. మా ఇంట్ల చాయ్ తాగకుంట పోయిన దినం మా బావ చరిత్రల లేదు. అప్పుడే నాకు అనుమానం రావాలె.

తెల్లారి సూస్తె ముందట ఎడమ టైరు పక్కగోడ మీద ఉబ్బు. బత్తాయి కాయంత. వేలితోని ఒత్తితె మెత్తగ లోపలికి పోయి మళ్ల బయటికొస్తున్నది. లోపల దారాలు తెగినట్టు అది. అతుకు పెట్టేది కాదు, టైరే పారేసేది. అడిగితె ఏమన్నడో తెలుసా? "గాలి కొంచెం తగ్గియ్యి, దిగుతది." కాలికి దెబ్బ తాకిన వాపా దిగనీకి! అప్పుడు ఒక టైరు కోసం జత మార్చిన, ఎందుకంటె నాకు తెలివుంది. ఒక్క రూపాయి ఇయ్యలే. పైగ మొన్న మా చిన్నమ్మ ఇంట్ల ఫంక్షన్ల అందరి ముందట, "వీనికి కారు పిచ్చి, టైర్లకే పొలం పెట్టుబడంత పెడ్తడు" అని నవ్విండు. ఆ పెట్టుబడి ఎవలి మూలాన పెట్టిన బావా?

సరే. దుకాణపాయన అడ్వాన్సు వాపస్ ఇయ్యడంట, "ఇంకో జత తెప్పిస్త" అంటున్నడు. ఆ గుండు టైర్ల మీదనే నలభైల నడుపుకుంట ఇంటికొచ్చిన, సైకిల్ పిల్లలు గుడ ఓవర్‌టేక్ చేసిండ్రు. సాయంత్రం మళ్ల పోతున్న, 5 వేలు తీస్కొనే లేస్త. నాయిన గుడ వస్త అన్నడు, తువ్వాల భుజానేసుకొని తయారుగ కూసున్నడు.

పోస్టు రాస్తుంటెనే బావ ఫోన్ చేసిండు, నేను గుడ వస్త, మాట్లాడి సెట్ చేస్త అని. రెండే సీట్లు బావా. జాగ లేదు.