లెక్కలు రాకుండా పిల్లల్ని కాపాడుకోవడం ఎలా?

పిల్లలకు ఎక్కడ లెక్కలు వచ్చేస్తాయోనని పెద్దలు దిగులు పడనక్కర్లేదు. కాస్త శ్రద్ధ పెడితే ఎంతటి చురుకైనవాళ్లనైనా ఈ ప్రమాదం నుంచి తప్పించవచ్చు. పెద్దగా ఖర్చు కూడా లేదు. ఒక ఎర్ర పెన్ను, పరీక్ష ముందు రోజు రాత్రి, "ఇంత చిన్న లెక్క కూడా రాదా?" అన్న ఒక్క మాట ఉంటే చాలు.

ముందు సాధన సంగతి. రోజూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడం లాంటి పొరపాటు చచ్చినా చేయకండి. ఒకే ఊపులో వల్లె వేయడం కంటే రోజుల మీద పంచుకుని నేర్చుకుంటేనే ఎక్కువ లాభమని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని మరీ బయటపెట్టాడు. కాబట్టి నెలంతా వదిలేసి, ఆఖరి రాత్రి ఒకే రకం లెక్కలు నలభై చేయించండి. మొదటి రెండింటికే బుర్ర పనిచేస్తుంది, మిగతావి చెయ్యి చూసుకుంటుంది. పైన "భిన్నాల కూడిక" అని శీర్షిక ఉంటే ఏ పద్ధతి వాడాలో ఆలోచించే బాధ కూడా ఉండదు. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు కదా అంటారా? అందుకే మరి! కూడికలు, గుణకారాలు, మాటల లెక్కలు కలగలిపి ఇచ్చారో, ఏది ఎప్పుడు వాడాలో పిల్లలు పసిగట్టేస్తారు.

ఇక దిద్దుబాటు. అసలు కళంతా ఇక్కడే ఉంది. పిల్లాడు 302 − 147 = 245 అని రాశాడనుకోండి. పెద్ద ఇంటూ కొట్టి, పక్కన 155 వేసి, "అజాగ్రత్త" అని రాసి పేజీ తిప్పేయండి. పొరపాటున కూడా ఆగి చూడకండి. చూస్తే గుట్టు తెలిసిపోతుంది: 7లోంచి 2 తీస్తే 5, 4లోంచి 0 తీస్తే 4, 3లోంచి 1 తీస్తే 2. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు. వాడిలో అజాగ్రత్త లేశమైనా లేదు. తన సొంత సూత్రాన్ని ఎంతో నిష్ఠగా పాటిస్తున్నాడు. 568 − 243 లాంటివి ఇస్తే ఆ సూత్రంతోనే 325 అని సరిగ్గా చెబుతాడు, మనమూ టిక్కు కొట్టి మురిసిపోవచ్చు. "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడిగారో, గుట్టు కాస్తా నిమిషంలో రట్టవుతుంది. జవాబుకు 147 కలిపి చూసుకోమంటే ఇంకా ఘోరం. 302 రావాల్సిన చోట 392 వస్తే మీ ఎర్ర పెన్నుతో పని లేకుండా వాడే పట్టేసుకుంటాడు.

వ్యాఖ్య రాయకుండా ఉండలేకపోతే పక్కనే మార్కు కూడా వేసేయండి. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారనీ, వాటికి మార్కులు తోడైతే ఆ లాభం పోయిందనీ 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చూపించారు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీది పాత పరిశోధనలెన్నో గుదిగుచ్చి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పనితీరు ఇంకా దిగజారింది. మనబోటి వాళ్లకు ఈ మాట ఎంత ధైర్యాన్నిస్తుందో! చిట్కా కూడా వాళ్లే చెప్పారు: దృష్టిని లెక్క మీంచి మనిషి మీదికి మళ్లించాలి. "హారాలు సమానం చేయలేదు" అంటే వాడు చేసేస్తాడు. "నీకు లెక్కల బుర్ర లేదు" అంటే మాత్రం చేయడానికి ఏమీ మిగలదు.

1/2 + 1/3 = 2/5 అని రాసినప్పుడు కూడా "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?" అని అడక్కండి. సరైన జవాబును మూడుసార్లు ఎత్తి రాయించండి. చేతికి వ్యాయామం, మెదడుకు విశ్రాంతి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి పిల్లాడు "302లో పదులే లేవు కదా, అప్పు ఎక్కడి నుంచి తేవాలి?" అని అడుగుతాడు. ఒక వందను పది పదులుగా విడగొట్టి, అందులో ఒక పదిని ఒకట్లకు ఇస్తే 2 వందలు, 9 పదులు, 12 ఒకట్లు మిగులుతాయని నోరు జారకండి. "పుస్తకంలో అలాగే ఉంది, చెప్పింది చెయ్" అనండి. మళ్లీ అడగడు.