సాయంత్రం నాలుగు దాటితే పిల్లలు ఎవరి ఖాతా?

పదో తరగతి పిల్లలకి సాయంత్రం ఆకలేస్తుందని మన సర్కారుకి తెలుసు. తొమ్మిదో తరగతి వాళ్ళకి కూడా వేస్తుందని మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

2025 ఫిబ్రవరి, మార్చిలో తెలంగాణ సర్కారు బడుల్లో స్పెషల్ క్లాసులకి కూర్చున్న పదో తరగతి పిల్లలకి సాయంత్రం స్నాక్స్ పెట్టారు. మనిషికి రోజుకి పదిహేను రూపాయలు. ఒకరోజు ఉడకబెట్టిన పెసర్లు, ఒకరోజు శనగలు, ఒకరోజు పల్లీలు బెల్లం, మిల్లెట్ బిస్కెట్లు, ఉల్లి పకోడీ. మంచి పని, కాదనను. నా షాపు ఒక సర్కారు హైస్కూల్ గేటుకి ఎదురుగా ఉంటుంది. స్టేషనరీ, జిరాక్స్. స్కూలు కాగితాలు సగం నా మిషన్ మీదుగానే పోతాయి కాబట్టి సర్క్యులర్ల సంగతి నాకు కొంచెం ఎక్కువే తెలుసు. జిరాక్స్ తీసేవాడు చదవకూడదని రూలేం లేదు కదా.

పరీక్షలు అయిపోయాయి, పకోడీ అయిపోయింది.

నా బాధ అక్కడే మొదలైంది. అంటే బడి అయ్యాక గది తెరిచి ఉంచడం వీళ్ళకి వచ్చు. ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టడం వచ్చు. పిల్లల కడుపులో ఏదో ఒకటి పడేట్టు చూడటం వచ్చు. దానికి బడ్జెట్ శాంక్షన్ చేయించుకోవడం కూడా వచ్చు. పాస్ పర్సంటేజీ కోసమైతే ఇవన్నీ వచ్చు. ఊరికే పిల్లల కోసం చేయమంటే మాత్రం ఫండ్స్ లేవంటారు.

నాలుగు గంటల ప్రాంతంలో బెల్లు కొడతారు. పావుగంట నా షాపు ముందు జాతరే. ఐదు రూపాయల చిప్స్, పెన్ను రీఫిల్లు, చార్టులు. తర్వాత గేటుకి తాళం పడుతుంది. సగం మంది ఇళ్ళకి పోతారు. మిగతా సగం పోరు, ఎందుకంటే ఇంటికి తాళం ఉంటుంది. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ, బోరబండ వైపు బస్తీల్లో తల్లులు చాలామంది అపార్ట్‌మెంట్లలో పనికి పోతారు. పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు. పిల్లలు బడి నుంచి వచ్చే టైమూ, అపార్ట్‌మెంట్లలో సింకు నిండే టైమూ ఒకటే. ఏడో తరగతి అమ్మాయి ఒకతి రోజూ నా షాపు మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది, పక్కన తమ్ముడు. వాడు మెట్టు దిగి రోడ్డు మీదికి పోబోయినప్పుడల్లా పెన్ను కింద పెట్టి షర్టు పట్టి లాగుతుంది, మళ్ళీ రాస్తుంది. నల్లా వచ్చే రోజైతే హోంవర్క్ కూడా ఉండదు, బిందెలు పట్టాలి. "అమ్మ ఏడింటికి వస్తది అంకుల్" అంటుంది. ఆ పిల్ల వయసు పన్నెండు. నాలుగు నుంచి ఏడు దాకా ఆ తమ్ముడికి అంగన్‌వాడీ టీచరూ, ఆయా, వాచ్‌మనూ అన్నీ ఆ పిల్లే. ఒక్క రూపాయి జీతం లేదు.

చట్టం ఏమంటుందో చూద్దామని తిరగేశాను. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి వెయ్యి గంటల బోధన ఉండాలి, ఐదో తరగతి లోపు ఎనిమిది వందలు. ఏడాదిలో గంటలు 8,760. అంటే పిల్లల ఏడాదిలో తొమ్మిదో వంతు గురించే చట్టం పట్టించుకుంది. అది కూడా పద్నాలుగేళ్ళ దాకానే. మరి బడి తర్వాతి గంటల మాట ఎక్కడా లేదా అంటే, ఉంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో ఉంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో, ఇంటి వ్యాపారంలో సాయం చేయొచ్చట, ప్రమాదకరమైన పని కాకపోతే చాలు. చట్టం చేసేవాళ్ళకి పేదింటి పిల్లల సాయంత్రం గుర్తొచ్చింది పని చేయించుకోవడానికే.

పద్నాలుగు దాటిన మగపిల్లల సంగతి ఇంకో రకం. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫంక్షన్ హాళ్ళకి క్యాటరింగ్ వాళ్ళు పిల్లల్ని తీసుకుపోతారు. ప్లేట్లు ఎత్తడానికి, నీళ్ళ బాటిళ్ళు అందించడానికి. రాత్రి ఒంటిగంటకి వదిలేస్తారు, తెల్లారి బడిలో కునుకు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లాడు ఆధార్ జిరాక్స్‌కి వచ్చి, కాగితం చేతికిచ్చాక కూడా కదలడం లేదు. ఏంట్రా అంటే, పక్కనెవరూ లేరని చూసుకుని, "అంకుల్, పుట్టిన సంవత్సరం మార్చడం వస్తదా?" అన్నాడు. కాంట్రాక్టర్ పద్దెనిమిది నిండిన కాగితం తెమ్మన్నాడట. రాదని చెప్పి పంపించాను. వేరే షాపుకి పోయుంటాడు, నగరంలో ప్రింటర్లకేం కొదవ. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. సాయంత్రం పూట వాణ్ణి రమ్మని పిలిచిన చోటు ఈ మొత్తం ఏరియాలో అదొక్కటే.

ఇక పని లేని వాళ్ళ చేతిలో ఫోన్. బడిపిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే ఉంది. 2024లో 14–16 ఏళ్ళ పిల్లల్లో చదువు పనికి ఫోన్ వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. అది పల్లెల లెక్క. మా గల్లీలో వైఫై పాస్‌వర్డ్ లేని ఇంటి గోడ పక్కన రాత్రి తొమ్మిదికి ఎంతమంది కూర్చుంటారో అసర్ వాళ్ళు వచ్చి చూడాలి.

దీని గురించి ఎక్కడ మాట్లాడినా ఒక మాట వస్తుంది, "కన్నవాళ్ళు చూసుకోవాలి కదండీ". ఈ మాట అనేవాళ్ళ పిల్లలు సాయంత్రం ఏం చేస్తారో గమనించండి. సోమ, బుధవారాలు కరాటే. మంగళ, గురువారాలు కీబోర్డు. అబాకస్. శనివారం స్విమ్మింగ్. బాక్స్ క్రికెట్ టర్ఫ్‌కి గంటకి వెయ్యి అటూ ఇటూ, నలుగురు తండ్రులు వాట్సాప్ గ్రూపులో పంచుకుంటారు. అందులో తప్పేం లేదు, నాకూ పిల్లలున్నారు, నేనూ కట్టాను. కానీ కన్నవాళ్ళు చూసుకోవడం లేదక్కడ, కన్నవాళ్ళు డబ్బు కడితే వేరేవాళ్ళు చూసుకుంటున్నారు. డబ్బున్న ఇంటి పిల్లలకి సాయంత్రాలు కొనిపెడుతున్నాం. ఆ ఇళ్ళలో గిన్నెలు తోమే అక్క పిల్లలకి కొనేదెవరు? పైగా ఆ అక్క సాయంత్రం లేకపోతే మన సాయంత్రాలే నడవవు.

సర్కారు ఏమీ చేయడం లేదంటే అబద్ధమవుతుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల్ భవన్ ఉంది. డాన్సు, పాట, బొమ్మలు, అన్నీ నేర్పుతారు, ఫీజు నామమాత్రం. ఇంత నగరానికి అలాంటిది గల్లీ గల్లీకి ఉండాల్సింది, మా పిల్లలు నాంపల్లి దాకా పోవాలి. ఆడపిల్లలకి బస్సు టికెట్ లేదు, సంతోషం. తొమ్మిదేళ్ళ పిల్లని సాయంత్రం ట్రాఫిక్‌లో ఒంటరిగా బస్సెక్కించేదెవరు? జీహెచ్‌ఎంసీ సమ్మర్ కోచింగ్ క్యాంపులు ఇంకో ముచ్చట. దశాబ్దాల నుంచి నడుపుతున్నారు, పది రూపాయలు, యాభై రూపాయల ఫీజు, కోచ్‌లు కూడా బాగుంటారు. అయితే ఎండలు మండిపోయే నెలల్లో ఆటలు నేర్పించి, జూన్‌లో బడి తెరిచి పిల్లలకి సాయంత్రాలు మొదలయ్యే సరికి బ్యానరు విప్పేస్తారు.

లైబ్రరీల గురించి చెబితే మీకే కోపం వస్తుంది. మనం ఇంటిపన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, 1960 నాటి చట్టం ప్రకారం. మున్సిపాలిటీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకి ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఆ బకాయిల గొడవ ఏళ్ళ తరబడి పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఉన్న లైబ్రరీలేమో గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్‌కీ, డీఎస్సీకీ ప్రిపేరయ్యే వాళ్ళతో కిటకిట. చిక్కడపల్లి పోయి చూడండి, కుర్చీ దొరికితే అదృష్టం. జిల్లాల నుంచి వచ్చి, ఒక పూట తిని ఒక పూట మానేసి చదువుకునే ఆ పిల్లల్ని అనడానికి నాకు నోరు రాదు. కానీ పదేళ్ళ పిల్ల బొమ్మల పుస్తకం కోసం అక్కడికి పోతే కూర్చునే చోటేది? ఆ ఎనిమిది పైసల్లో ఆ పిల్ల వాటా కూడా ఉంది.

కొత్త కట్టడాలు నేను అడగడం లేదు. కట్టడం మనవాళ్ళకి ఎలాగూ ఇష్టం. యంగ్ ఇండియా రెసిడెన్షియల్ స్కూళ్ళు ఒక్కోటి దాదాపు 200 కోట్లతో కడుతున్నారు, కట్టనీ. గురుకులంలో చేరిన పిల్లలకి సాయంత్రం ఆటుంటుంది, స్టడీ అవరుంటుంది, అడిగేవాళ్ళుంటారు. డే స్కూల్ పిల్లలు ఏం పాపం చేశారు? నా షాపు కాలిక్యులేటర్ మీద ఒక లెక్క వేశాను. బడి తర్వాత ఉండేది వంద మంది అనుకుందాం. అదే పదిహేను రూపాయల స్నాక్, 220 పనిదినాలు, మూడు లక్షల ముప్పై వేలు. చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, నెలకి పది వేల చొప్పున పది నెలలు, రెండు లక్షలు. మొత్తం ఐదు లక్షల ముప్పై వేలు. పిల్లలకి రోజుకి మనిషికి పాతిక రూపాయల లోపు. ఒక్క రెసిడెన్షియల్ స్కూల్ కట్టే డబ్బుతో మూడు వేల ఏడు వందల బడుల్లో ఏడాది పొడుగునా సాయంత్రాలు నడుస్తాయి. కరెంటు బిల్లు, క్యారమ్ పౌడర్ కలపలేదు, కలుపుకోండి.

ఆట సామాను కూడా చాలావరకు ఉన్నదే. కేంద్రం బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ప్రైమరీ బడికి ఏడాదికి ఐదు వేలు, అప్పర్ ప్రైమరీకి పది, హైస్కూళ్ళకి పాతిక వేల దాకా స్పోర్ట్స్ గ్రాంటు వస్తుంది. బంతులు వస్తాయి, బీరువాలోకి పోతాయి. మొదట ఇదేం పీనాసితనం అనుకున్నా. తర్వాత ఒక సారు చెప్పాడు, బంతి పోతే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది ఆయనట. గాలి దిగిపోయిన వాలీబాల్ బీరువాలో ఉంటే ఏ ఆడిటరూ అడగడు, గోడ దాటిపోతేనే అడుగుతాడు.

సార్ల మాట వచ్చింది కాబట్టి, ఈ పని వాళ్ళ నెత్తిన వేయొద్దు. 2024 నవంబర్‌లో కులగణన సర్వేకి ప్రైమరీ టీచర్లని పంపి, ప్రైమరీ బడులని మూడు వారాలకి పైగా ఒంటిపూట చేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకి చిన్నపిల్లలు బయటికొస్తే ఎక్కడికి పోతారన్నది ఎవరికీ ప్రశ్న కూడా కాలేదు. తమిళనాడు 2021లో "ఇల్లం తేడి కల్వి" అని పెట్టింది. కోవిడ్‌లో పోయిన చదువు పూడ్చడానికి, గల్లీలోనే సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య వాలంటీర్లు చెప్పారు, ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ ఆలోచన బ్రహ్మాండం. వాళ్ళకిచ్చింది నెలకి వెయ్యి రూపాయలు, అది మాత్రం అన్యాయం. ఆడవాళ్ళు చేసే పని కాబట్టి సేవ అనేస్తాం. ఇక్కడ మధ్యాహ్న భోజనం వండే అక్కలు బిల్లుల కోసం ఎదురుచూస్తూ కిరాణాలో ఖాతా పెట్టి వండుతుంటారు. ఈ సాయంత్రాల పథకమూ అలాగే నడిపితే మూడో నెలకి మూతబడుతుంది, "పిల్లలు రావట్లేదు" అని రిపోర్టు రాస్తారు. అమెరికాలో కేంద్రం బడి తర్వాతి కార్యక్రమాలకి ఏటా వంద కోట్ల డాలర్లకి పైగా ఇస్తుంది. 2025 జూలైలో ఆ డబ్బు ఆపితే ఊరూరా గొడవై, అదే నెలలో వదిలారు. మన దగ్గర ఆపడానికైనా ముందు ఆ పద్దు ఉండాలి కదా.

ఇంకో భయం నాకుంది. రేపు నిజంగానే డబ్బులిచ్చారనుకోండి, వెంటనే ఎవరో ఒక ఆఫీసరు దాన్ని ట్యూషన్ చేసేస్తాడు. ఎక్కాలు, స్లిప్ టెస్టులు, టార్గెట్లు. దయచేసి వద్దు. పొద్దుట్నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెడితే గోడ దూకుతారు, దూకాలి కూడా. హోంవర్కుకి ఓ అరగంట చాలు. మిగతా టైమ్ ఆడుకోనీ, బొమ్మలు వేసుకోనీ, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకోనీ. ఆడపిల్లలకి గ్రౌండ్ విడిగా ఒక టైమ్ ఇవ్వండి, లేకపోతే వాళ్ళు గోడ పక్కన నిలబడి చూడటంతోనే సరిపోతుంది.

"ఎవరొస్తారండీ" అనేవాళ్ళకి బస్తీ దవాఖానాలు గుర్తు చేస్తాను. 2018లో మొదలైనప్పుడు కూడా ఇదే మాట. కమ్యూనిటీ హాల్లో డాక్టరేంటి అని నవ్వినవాళ్ళే ఇప్పుడు జ్వరమొస్తే ముందు అక్కడికే పోతున్నారు. గల్లీలో ఉంది, పైసలు అడగదు, ఇంకేం కావాలి?

మా బడి తల్లిదండ్రుల తరఫున ఒక అర్జీ టైప్ చేశాను. గేటు ఏడింటి దాకా తెరవాలని, పదో తరగతికి పెట్టిన స్నాక్ ఆరో తరగతి నుంచి అందరికీ ఏడాదంతా పెట్టాలని, జీతమిచ్చి ఇద్దరు మనుషుల్ని పెట్టాలని. పెద్దసారు రెండుసార్లు చదివి, బాగుందని, ఒక్కటే అడిగారు. "సాయంత్రం పూట ఏదైనా పోయినా, ఎవరికైనా దెబ్బ తగిలినా సంతకం ఎవరిది?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆయన ఇవ్వలేరు, నేనూ ఇవ్వలేను, పైనుంచి జీవోలో రావాలి. అందుకని దాన్నే అర్జీలో మొదటి పాయింట్ చేశాను. మీ ఏరియా బడికి ఇదే ఇవ్వాలనుకునేవాళ్ళు షాపుకి రండి, బడి పేరు మార్చుకుంటే సరిపోతుంది. జిరాక్స్ ఫ్రీ.