పల్లె ఓటరును అనే ముందు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల విందుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మనవాళ్లు రెండు వేలకు ఓటు అమ్ముకుంటారండీ, ఇక దేశం ఎక్కడ బాగుపడుతుంది?" అని. ఊరంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఈ మాట అంటుంటే నాకు బాధేస్తుంది. ఊరి ఓటరుకు ఇంతకంటే అన్యాయం చేసే మాట ఇంకొకటి లేదు.

డబ్బు పంచడం నిజమే, దాన్ని దాచిపెట్టాల్సిన పనిలేదు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు డబ్బు కవర్లు అందలేదని జనం బాహాటంగా నిలదీయడం టీవీల్లో అందరం చూశాం. కానీ కవరుతో ఓటు వచ్చేదే అయితే అధికారంలో ఉన్నవాళ్లు ఎందుకు ఓడిపోతున్నారు? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అధికారంలో ఉన్న తెలుగుదేశం 175 స్థానాల్లో 23కు పడిపోయింది. అప్పుడు 151 గెలిచిన వైఎస్సార్‌సీపీ 2024లో 11 దగ్గర ఆగింది. తెలంగాణలో 2018లో 119కి 88 గెలిచిన టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 2023లో 39తో సరిపెట్టుకుంది. వీళ్లలో ఎవరూ డబ్బు లేక ఓడిపోలేదు. ఖాతాల్లో నేరుగా పడిన పథకాల సొమ్ము కూడా గెలుపుకు పూచీ కాలేకపోయింది. అలాగని జనం ఆ పథకాలను మరిచిపోయారనీ కాదు. 11 సీట్లు వచ్చిన వైఎస్సార్‌సీపీకే 39 శాతం పైగా ఓట్లు పడ్డాయి. సీట్ల లెక్క చూసి ఓటరు మనసును అంచనా వేయబోతే పొరబడతాం.

కృష్ణా జిల్లాలో ఉన్న మా పిన్నిని ఒకసారి ఫోన్లో అడిగాను, డబ్బు ఎందుకు తీసుకున్నావని. "రెండు పార్టీల వాళ్లూ ఇచ్చార్రా. వద్దంటే అవతలివాళ్ల మనిషినని రాసుకుంటారు. రేపు పాసుపుస్తకం పని పడినా, పింఛను పని పడినా మళ్లీ వాళ్ల గుమ్మమే ఎక్కాలి. అందుకే తీసుకున్నా. లోపల మీట నొక్కేది నేనే కదా!" అంది. వద్దనడమే ప్రమాదమైన చోట తీసుకోవడాన్ని అమ్మకమని ఎలా అంటాం? కవరు పుచ్చుకోవడం అందరి కళ్లముందు జరుగుతుంది, ఓటు వేయడం అట్ట చాటున జరుగుతుంది. ఆ చాటు ఉన్నంతకాలం మా పిన్ని లాంటివాళ్లు స్వతంత్రులే.

2024 మే 13న ఆంధ్రలో పోలింగు శాతం 80 దాటింది. హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు వెళ్లేవాళ్లతో విజయవాడ హైవే కిక్కిరిసిపోయింది. గడువు ముగిసేసరికి వరుసలో ఉన్నవాళ్లందరికీ చీటీలు ఇవ్వాలన్నది నిబంధన. ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన ఆ చీటీలను వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి పంచుకుంటూ వస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరూ వెనక చేరకుండా. ఆ రోజు చాలా బూత్‌లలో ఆ చీటీలు పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా నిలబడ్డారు. పగలంతా ఎండ, రాత్రి ఉక్కపోత. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు.

ఇక మన సంగతి. భారత పౌరసత్వం వదులుకోనివాళ్లు విదేశంలో ఉన్నా ఓటరుగా నమోదు కావచ్చని 2010లోనే చట్టం మార్చారు. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరు ఎక్కుతుంది. 2024 నాటికి ప్రపంచం మొత్తం మీద అలా నమోదైనవాళ్లు సుమారు 1.19 లక్షలు, అందులో ఎక్కువమంది కేరళీయులు. ఓటు వేసినవాళ్లు మూడు వేల లోపే. పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు వెళ్లాల్సిందే కాబట్టి ఇందులో మన తప్పు కొంతే. ప్రతినిధి ద్వారా ఓటు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది గానీ ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇద్దామని 2020లో ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. అదీ అమల్లోకి రాలేదు.

డబ్బు చేసే అసలు చెరుపు వేరే చోట ఉంది. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చుపెట్టకూడదని నిబంధన. అది కాగితం మీది మాటేనని ఊళ్లో పిల్లాడిని అడిగినా చెబుతాడు. ఎంత పెట్టగలవన్న ప్రశ్న టికెట్ ఇచ్చేటప్పుడే వస్తుంది. ఊరి బడి కోసం, చెరువు కోసం ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి అక్కడే ఆగిపోతాడు. ఓటరు ముందుకు వచ్చేసరికి మిగిలేది ఇద్దరో ముగ్గురో డబ్బున్నవాళ్లు. వాళ్లలో ఒకరిని ఎంచుకున్నందుకు మళ్లీ మనం ఓటరునే తిడతాం.

ఆ వడపోతలో మన డాలర్ల పాత్ర కూడా ఉంది. సామాజికవర్గం చూసి అభ్యర్థికి చందాలు పోగుచేసేది మనమే, ఊరికి ఫోన్ చేసి "ఈసారి ఫలానా వాళ్లకే వేయండి" అని పెద్దవాళ్లను సతాయించేదీ మనమే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల నుంచి ఇండియాలోని పార్టీలు, అభ్యర్థులు విరాళం తీసుకోవడం చట్టవిరుద్ధమన్న సంగతి మనలో చాలామంది పట్టించుకోరు.

ఇక్కడి మన తెలుగు సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే మహాసభల్లో నాయకులకు వేసే వేదికలు తగ్గించి, ఫారం 6ఏ నింపించే బల్ల ఒకటి పెట్టండి. పోస్టల్ బ్యాలెట్ కోరుతూ ఎన్నికల సంఘానికి, న్యాయశాఖకు పంపే వినతిపత్రం కూడా అక్కడే ఉంచి సంతకాలు తీసుకోండి. 2029 ఎన్నికలకు ఇంకా సమయం ఉంది.