గుడ్ల ట్రేలో నిమ్మకాయలు

రాత్రి మా ఇంట్లో పులిహోర. ఈ పూటా పులిహోరే. ముప్పై మందికని కలిపిన గుండిగను ఇద్దరం ఎంతని తింటాం? పక్క ఫ్లాట్ల వాళ్ళకు పంపుదామంటే, సంగతి ఈపాటికి అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. గిన్నె చూడగానే "అయ్యో, ఇప్పుడే తిన్నామండీ" అంటున్నారు, పొద్దున్న ఏడింటికి కూడా.

కార్తీకం వచ్చిందంటే మా కూకట్‌పల్లిలో వీధికి నలుగురైనా నల్లబట్టల్లో కనిపిస్తారు. ఈసారి మా సెల్లార్లోనే పీఠం పెట్టారు. రోజుకొకరి ఇంట్లో స్వాములకు మధ్యాహ్నం భిక్ష. నిన్న మా వంతు. ముందే గ్రూపులో నియమాల జాబితా పెట్టారు. మా ఆవిడ ఉల్లిపాయల బుట్టను తమ్ముడింటికి పంపేసి, ఇల్లు కడిగి, తెల్లవారుజామునే తలస్నానం చేసి వంట మొదలెట్టింది. స్వాములు వచ్చారు, కాళ్ళు కడుక్కున్నారు, ‘అన్నదాన ప్రభువే శరణం అయ్యప్ప’ అన్నారు, విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

అప్పుడు గంటస్వామి లేచారు.

మొదటిసారి మాల వేసిన వారు కన్నెస్వామి, రెండోసారి కత్తిస్వామి, మూడోసారి గంటస్వామి. ఈయన అసలు పేరు నేను చెప్పను. లిఫ్టు పక్కన అంటించిన మెయింటెనెన్స్ బాకీల కాగితంలో ఉంది. "మీరు వడ్డిస్తూ ఉండండి మాతా, పెరుగు నేను తెస్తాను" అంటూ వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశారు. తీసినవారు తీసినట్టే నిలబడిపోయారు. తలుపు వెయ్యమని ఫ్రిజ్ కుయ్ కుయ్‌మంటోంది. ఆయన వెయ్యరు.

"స్వామీ, ఇది గుడ్ల ట్రే కదా?"

"ట్రే గుడ్లదే స్వామీ. గుడ్లు లేవు. అవి నిమ్మకాయలు."

"పులిహోరలో పిండింది వీటినేనా?"

హాల్లో చేతులు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

ఇక్కణ్ణుంచి చర్చ. దోషం గుడ్డుదా, గుంటదా? గుడ్డు లేనప్పుడు గుంటకు దోషం ఎలా వస్తుందని ఒక పెద్దాయన లాజిక్ లాగారు. గుంట ఉన్నదే గుడ్డు కోసం కాబట్టి, గుడ్డు లేకపోయినా ఉన్నట్టేనని గంటస్వామి. నిమ్మకాయ అమ్మవారి మెడలో దండగా పడేది, దిష్టి తీసేది, దానికి దోషం అంటడమేమిటని ఇంకొకరు. ఈ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఒక సాఫ్ట్‌వేర్ స్వామి "తొక్కకు సన్నటి రంధ్రాలుంటాయి స్వామీ, పీల్చేసుకుంటుంది" అన్నారు. ఏం పీల్చుకుంటుందో చెప్పలేదు.

2023 జనవరిలో శబరిమల అరవణ ప్రసాదం అమ్మకాన్నే కేరళ హైకోర్టు ఆపేసింది. అందులో వేసిన ఏలకుల్లో పురుగుమందు మోతాదు మించి ఉందని పరీక్షలో తేలిందట. లక్షల డబ్బాలు మూలపడ్డాయి. ఏడాది దాటాక సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అరవణకు ల్యాబు దొరికింది, పైకోర్టు దొరికింది. మా నిమ్మకాయలకు సాఫ్ట్‌వేర్ స్వామే ల్యాబు, గంటస్వామే సుప్రీంకోర్టు.

"శుభ్రంగా కడిగే పెట్టాను స్వామీ" అంది మా ఆవిడ.

"దేంతో కడిగారు మాతా?"

"స్క్రబ్బర్‌తో."

"ఆ స్క్రబ్బర్‌తో అంతకుముందు ఏం తోమారు?"

పదిహేనేళ్ళ కాపురంలో మా ఆవిడ దగ్గర సమాధానం లేని ప్రశ్న నేను వినడం ఇదే. ఏ అత్తగారూ ఇంత లోతుకు వెళ్ళలేదు.

నాకు మాత్రం అప్పటికే ఆయన మణికట్టు కనిపిస్తోంది. మాల వేసినప్పటి నుంచి తోలు చెప్పులు మానేశానని లిఫ్టులో దొరికిన వాడికల్లా చెప్పే మనిషి. చేతికి వాచీ ఉంది. దానికి గోధుమరంగు తోలు పట్టీ ఉంది. అడుగుదామనుకున్నాను. భిక్ష పెట్టేవాడికి నోరెక్కడిది?

అదొక్కటే కాదు. దీక్షలో ఎదురుపడ్డ ప్రతి మనిషీ స్వామే. పద్దెనిమిది మెట్లెక్కితే గుడి ముఖాన ‘తత్త్వమసి’ అని రాసి ఉంటుంది, నువ్వు వెతికేది నువ్వేనని. రెండుసార్లు వెళ్ళొచ్చిన ఈయన ఆ అక్షరాలు చూసే ఉంటారు. మొన్న మా వాచ్‌మన్ అలవాటుగా "సార్" అన్నందుకు, "ఒరేయ్, స్వామీ అనాలని తెలీదా?" అని గేటు దగ్గర అరిచారు.

సరే, చర్చ. ఎవరో ఒక మూలకు చూపించారు. అక్కడ ఇంటర్ చదివే కన్నెస్వామి పులిహోర రెండోసారి పెట్టించుకుని అది కూడా పూర్తిచేసి, వేలు నాకుతున్నాడు. అందరూ తన వైపే చూస్తున్నారని తెలియగానే వేలు నోట్లోనే ఉంచేసుకున్నాడు. దీక్ష భంగమైందా, కాలేదా? మాల తియ్యాలా? పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పరీక్ష పాసవ్వాలని వేసుకున్నాడట పాపం.

గురుస్వామికి ఫోన్ కలిపారు. ఆయన ఏదో పెళ్ళిలో ఉన్నారు. స్పీకర్‌లో నాదస్వరం, డోలు.

"గురుస్వామీ, గుడ్ల ట్రేలో నిమ్మకాయలు పెట్టారు!"

"గుళ్ళోనా? మంచిదే, అమ్మవారి దగ్గర పెట్టించండి."

"గుళ్ళో కాదు స్వామీ, గుడ్లు! కోడిగుడ్లు!"

"గుళ్ళో కోడిగుడ్లు ఎవడు పెట్టాడు?" అని ఆయన కేకలు మొదలెట్టారు. వెనకాల గట్టిమేళం అందుకుంది. ఫోన్ కట్టయింది.

తీర్పు గంటస్వామే ఇచ్చారు. పులిహోర తప్ప అన్నీ తినొచ్చు. కన్నెస్వామి మళ్ళీ చన్నీళ్ళ స్నానం చేసి నూట ఎనిమిది శరణాలు చెప్పుకోవాలి. ఫ్రిజ్‌లోని పెరుగు సంగతేమిటని నేనడిగాను. అది పై అరలో ఉంది కాబట్టి పరవాలేదట. మూడుసార్లు వేయించుకున్నారు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఈసారి ఫ్రిజ్ కొనేటప్పుడు గుడ్ల ట్రే లేనిది చూసి తీసుకోండి మాతా" అన్నారు.

సాయంత్రం గ్రూపులో నియమాల జాబితా మళ్ళీ వచ్చింది. చివర్లో కొత్తది ఒకటి చేరింది: ‘ఫ్రిజ్ డోర్‌లో పెట్టిన నిమ్మకాయలు నిషిద్ధం.’ పక్కన మా ఫ్లాట్ నంబరు, అందరికీ అర్థం కావాలని కాబోలు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ నా ఫోన్ తీసుకుని దాని కిందే అడిగింది: "స్వామీ, మీ వాచీ పట్టీ దేనితో చేసింది?"

నేను తల తుడుచుకుంటూ వచ్చి చూసేసరికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.