వీటెక్ బండికి మిక్సర్ గ్యాస్ కిట్టు కొట్టించినోడిని ఏం చెయ్యాలి?

ఇప్పుడే శ్రీకాకుళం నుంచి విజయనగరం ఇంటికొచ్చాను, ఒళ్ళు మండిపోతోంది, ఇది రాస్తే గానీ అన్నం సహించేలా లేదు.

2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్ (పైన ఆర్పీఎంలో వాల్వుల్ని ఎక్కువ తెరిచి పవర్ పెంచే హోండా ఇంజిన్), సింగిల్ ఓనర్, అమ్ముతున్నారని తెలిసినాయన ఫోన్ చేస్తే ఉన్నపళంగా డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరికి పోయాను. ఆ బండి సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా. 106 హార్స్ పవర్, టన్ను చిల్లర బరువు, పైన ఆర్పీఎంలో ఆ ఇంజిన్ అరుపు వింటే చాలు, ఈ రోజుల్లో పాతిక లక్షలు పోసినా ఆ మజా రాదు. పెయింటు ఒరిజినల్, సీట్లు చిరగలేదు, నాకైతే అప్పటికప్పుడే అడ్వాన్సు ఇచ్చేయాలనిపించింది. తర్వాత డిక్కీ తెరిచాను.

సిలిండరు! 60 లీటర్ల స్టీలు సీఎన్‌జీ సిలిండరు, దాన్ని బిగించడానికి ఫ్లోరుకి డ్రిల్లుతో కంతలు, ఆ కంతల చుట్టూ రేకు తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతోంది. బానెట్ ఎత్తితే ఇంకా ఘోరం. ఎయిర్ ఫిల్టర్ గొట్టాన్ని కోసేసి మధ్యలో గాల్లోకి గ్యాస్ కలిపే మిక్సర్ దూర్చారు, ఇంజెక్టర్ వైర్లు కత్తిరించి నల్ల టేపు చుట్టారు, ఆక్సిజన్ సెన్సర్ వైరు అలా గాల్లో వేలాడుతోంది. ఓనరేమో పక్కన నిలబడి "కేజీకి ఇరవై ఇస్తాది బావు, ఇంకేటి కావాల నీకు" అంటున్నాడు. నాకు నోట మాట రాలేదు. సిలిండరుకి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడితో సిలిండరు గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి కదా, కాగితం ఏదండీ అంటే "అవన్నీ ఎవరడుగుతారు" అట. లోపల ఉండేది 200 బార్ ప్రెషర్, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని అరసవల్లి వెళ్ళొస్తున్నారు ఆ బండిలో! ఆర్సీలో గ్యాస్ ఎక్కించారా అంటే అదీ లేదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు డబ్బులిస్తాడా?

నేను గ్యాస్‌కి వ్యతిరేకిని కాను, ముందే చెప్తున్నా, కామెంట్లలో మొదలుపెట్టకండి. గ్యాస్ మంచి ఇంధనమే. పెట్రోల్ ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే పేలిపోకుండా ఒత్తిడి తట్టుకునే గుణం) తొంభైల్లో ఉంటే సీఎన్‌జీది 120 దాటుతుంది, హై కంప్రెషన్ ఇంజిన్‌కి అంతకంటే కావాల్సిందేముంది? కానీ అది గాలితో పాటు వెళ్ళే గ్యాస్, గాలి ఉండాల్సిన చోటు తను ఆక్రమిస్తుంది, అక్కడే పదో వంతు పవర్ పోతుంది. పైగా నిదానంగా మండుతుంది, అందుకే స్పార్క్ టైమింగ్ ముందుకి జరపాలి. ఇవన్నీ చూసుకుని సిలిండర్ సిలిండర్‌కీ విడిగా గ్యాస్ కొట్టే సీక్వెన్షియల్ కిట్టు పెట్టి, ల్యాప్‌టాప్ పెట్టి ట్యూన్ చేస్తే బండి బాగానే ఉంటుంది. ఇటలీ వాళ్ళు ఆ కిట్లు ఎప్పటినుంచో చేస్తున్నారు, మన దేశంలో కూడా దొరుకుతాయి. ఖరీదెక్కువ, అంతే కదా. ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకోడానికి ఆటోకి పెట్టే సామాను తెచ్చి వీటెక్‌కి తగిలిస్తారా?

ఇంకోటి, ఆ హోండా ఇంజిన్‌లో ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిచే భాగాల దగ్గరుండే చిన్న గ్యాప్, చేత్తో సెట్ చెయ్యాలి. గ్యాస్ పొడిగా మండుతుంది, వాల్వు సీటు మెల్లగా అరిగి వాల్వు పైకి జరుగుతుంది, ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. గ్యాప్ ఎప్పుడు చూపించారండీ అని అడిగితే ట్యాపెట్లా, అవేటి అన్నాడు ఆ బండి మెకానిక్! కిట్టు బిగించింది వాడే! ఇలాంటోళ్ళే ఒకప్పుడు మారుతీ వ్యాన్లలో ఇంటి ఎర్ర సిలిండర్లు పెట్టి వీధి వీధినా తిప్పారు, 14.2 కిలోల వంట గ్యాస్ బండ వెనక సీటు కింద, దాని మీద స్కూలు పిల్లలు. అది నేరం అని అందరికీ తెలుసు, ఒక్కడూ ఆపలేదు.

అసలు నా కడుపుమంట ఈ సిటీతో మొదలవలేదు. మా ఇంట్లో ఫోర్డ్ ఐకాన్ 1.6 ఉండేది, జోష్ మెషిన్ అని యాడ్ వచ్చేదే, అది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నప్పుడు మా బావ నాకు మాట మాత్రం చెప్పకుండా తీసుకెళ్ళి గ్యాస్ కొట్టించేశాడు. పెట్రోల్ దండగ అట. పండక్కి ఊరొచ్చి తాళం తీసుకుని హైవే ఎక్కాను, రణస్థలం దాటాక ఓవర్‌టేక్ చేద్దామని తొక్కానో లేదో ఢామ్మని బ్యాక్‌ఫైర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా రెండు ముక్కలు, లారీ పక్కన బండి చచ్చి ఆగిపోయింది. మా చెల్లి పక్కనే ఉంది. బావేమో ఫోన్లో "కొత్త ప్లగ్గులేసుకో బావా, సరిపోతాది" అన్నాడు. ఆర్నెల్లకి దాన్ని పాత ఇనుము రేటుకి అమ్మేశారు. ఈ రోజుకీ నేను ఆయనతో బండి గురించి మాట్లాడను.

మన జిల్లాల్లో ఏ బండి చూసినా మొదటి ప్రశ్న ఎంతిస్తాది అనే. నడిపితే ఎలా ఉంటుందని ఒక్కరూ అడగరు. సరే, పెట్రోల్ రేటు మండుతోంది, ఒప్పుకుంటా. దానికి తోడు ఇప్పుడు బంకులో 20 శాతం ఇథనాల్ కలిపిందే పోస్తున్నారు, లీటరుకి ఇథనాల్ శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, రేటు మాత్రం అదే. 2002 బండి పైపులు, రబ్బర్లు దీనికోసం చేసినవా? పాత బండి వాడిని ఎవరైనా అడిగారా నీకేం కావాలని? అటు గ్యాస్ వైపు తోసేది ప్రభుత్వం వాళ్ళే, ఇటు గ్యాస్ బంకు దగ్గర ఆటోల వెనకాల గంటలు గంటలు నిలబడేది మనం.

అయినా సరే, చేతకాని పనివాడికి మంచి ఇంజిన్ అప్పజెప్పడానికి ఇవేవీ సాకులు కావు. రోజువారీ తిరగడానికి గ్యాస్ కావాలంటే కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే బళ్ళు బోలెడున్నాయి, అవి కొనుక్కోండి. మీ ఇంట్లో వీటెక్, ఐకాన్ 1.6, ఫియట్ పాలియో 1.6 లాంటివి షెడ్డులో పడుంటే, కిట్టు కొట్టించే ముందు నాకొక్క మెసేజ్ పెట్టండి. ఉన్న ధర ఇస్తాను, బేరం ఆడను. ఆల్రెడీ కిట్టు పడిపోయుంటే ఆర్సీ, హైడ్రో టెస్ట్ కాగితం, ఇంజిన్ బే ఫోటోలు ముందే పంపండి, మళ్ళీ అంత దూరం పరిగెత్తించకండి.