నాటకానికి రెండు ఒబోల్స్

ఏథెన్స్, క్రీ.పూ. 349. మాసిడోనియా రాజు ఫిలిప్ ఒలింథస్ నగరం మీద పడ్డాడు. పేదవాళ్ళు నాటకం చూడ్డానికి ఊరు ఇచ్చే డబ్బు సైన్యానికి మళ్ళితే మేలని ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ ప్రసంగాల్లో సూచిస్తున్నాడు. డయోనిసస్ నాటకశాలలో, చెక్క బల్లల మీద కూర్చుని ఇద్దరు అదే మాట్లాడుకుంటున్నారు. ఒకడు యుద్ధనౌకలో తెడ్డు వేసేవాడు, ఇంకొకడు కుమ్మరి.

తెడ్డువాడు: అన్నా, లారియం గనుల్లో వెండి పడ్డప్పుడు మనిషికి పది ద్రాక్మాలు పంచుకుందామన్నారు. అప్పటి మన నాయకుడు థెమిస్టోక్లీస్ వద్దని ఓడలు కట్టించాడు. ఆ ఓడలే లేకపోతే సలామిస్ యుద్ధంలో పర్షియన్ల ముందు మన గతేమిటి?

కుమ్మరి: కాదనను తమ్ముడూ. కానీ ఆ యుద్ధమైన ఎనిమిదేళ్ళకు ఈస్కిలస్ ఇక్కడే ఏం ఆడించాడు? మన గెలుపు సంబరం కాదు. ఓడిపోయిన పర్షియన్ల ఇంట్లో, కొడుకు కోసం ఎదురుచూసే రాజమాతను చూపించాడు. మన ఊరు తగలబెట్టినవాళ్ళ ఏడుపును మన పెద్దలు కదలకుండా కూర్చుని విన్నారు. అది ఏ ఓడ నేర్పుతుంది?

తెడ్డువాడు: ఆ ఈస్కిలస్ సమాధి మీద ఏముందో తెలుసా? మారథాన్ యుద్ధంలో పోరాడాడని ఉంది. నాటకాల ఊసే లేదు.

కుమ్మరి: మారథాన్‌లో వేలమంది పోరాడారు. నీకు ఈయన పేరే ఎందుకు నోటికొచ్చింది?

తెడ్డువాడు మాట్లాడలేదు. కుమ్మరి బుగ్గన పెట్టుకున్న రెండు ఒబోల్ నాణేలు తీసి తుడిచాడు. ఏథెన్స్‌లో చిల్లర అలా నోట్లో పెట్టుకోవడం మామూలే. శనగబద్దంత వెండి, ఒక పక్క ఎథీనా దేవత, రెండో పక్క గుడ్లగూబ. ఇలాంటివి ఆరైతే ఒక ద్రాక్మా.

కుమ్మరి: నాటకానికని ఊరు ఇవి ఇవ్వకపోతే, పని మానుకుని పైగా టికెట్టు కొనుక్కుని నాబోటివాడు వస్తాడా? ఈ బల్లలన్నీ డబ్బున్నవాళ్ళవే అవుతాయి. చచ్చాక, పోయినవాళ్ళను అవతలి ఒడ్డుకు దాటించే కేరన్ పడవ కూలికని శవం నోట్లో నాణెం పెడతాం. అరిస్టోఫనీస్ 'కప్పలు' నాటకంలో ఆ కూలి రెండు ఒబోల్స్. డయోనిసస్ అంతటి దేవుడే ఇచ్చుకున్నాడు. పోయాక తప్పని ఖర్చు, బతికుండగా ఒక్క పూట నా కోసం పెట్టకూడదా?

తెడ్డువాడు: ఫిలిప్ ఇక్కడిదాకా వస్తే మనందరికీ ఆ పడవే గతి అన్నా. తెడ్డు వేసిన కూలి నాకింకా చేతికి రాలేదు. ఇంటి దగ్గర పిల్లలున్నారు.

కుమ్మరి ఒక నాణెం అతని చేతిలో పెట్టాడు. రెండోది మళ్ళీ బుగ్గన పెట్టుకున్నాడు.

పదేళ్ళకు, క్రీ.పూ. 339లో, ఆ డబ్బు సైన్యానికే మళ్ళింది. మరుసటి ఏడాది కైరోనియాలో ఏథెన్స్ ఫిలిప్ చేతిలో ఓడిపోయింది.